యుద్ధకాలపు కాలేజీ ఉత్తరాలు, జ్ఞాపికలు: పెట్టె తెరిచిన దగ్గర్నుంచి భద్రపరిచే దాకా సమగ్ర మార్గదర్శి

యుద్ధం నడిచిన రోజుల్లో ఒక కాలేజీ చుట్టూ తిరిగిన ఉత్తరాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ముందు వరుసలో ఉన్న విద్యార్థి తన ప్రొఫెసరుకు రాసిన ఉత్తరంలో మరో నలుగురు సహవిద్యార్థుల కబురు ఉంటుంది. ఆ నలుగురిలో ఒకరి ఫొటో మరో ఆల్బమ్‌లో, ఇంకొకరి పేరు స్మారక ఫలకం మీద ఉంటాయి.

కాగితానికి జరిగిన నష్టాన్ని నిపుణులు కొంతవరకు సరిచేయగలరు. ఏ ఉత్తరం ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, దేని పక్కన దొరికింది, ఏ కవరులో ఉంది అన్న లంకె ఒకసారి తెగితే మళ్ళీ దొరకదు. అందుకే ఈ మార్గదర్శిలో శుభ్రం చేయడం కన్నా ముందు రాసిపెట్టుకోవడం వస్తుంది. ఈ వరుస మార్చకండి.

1. పెట్టె తెరవక ముందు

పెట్టె అడుగు భాగానికి కనీసం మూడు రెట్లు ఖాళీ ఉన్న బల్ల కావాలి. దాని మీద తెల్లటి శుభ్రమైన కాగితం పరవండి. ఎండ నేరుగా పడకూడదు. ఫ్యాను ఆపేయాలి, ఎందుకంటే యుద్ధకాలపు ఎయిర్‌మెయిల్ కాగితం ఊపిరికే ఎగిరేంత పల్చగా ఉంటుంది. టీ కప్పు, నీళ్ల సీసా, పెన్ను ఆ బల్ల దరిదాపుల్లో ఉండకూడదు.

అందుబాటులో ఉంచుకోవాల్సినవి:

- హెచ్‌బీ లేదా 2బీ పెన్సిళ్లు
- మెత్తటి వెడల్పాటి బ్రష్షు
- మొన మొద్దుగా ఉన్న పల్చటి స్పాచులా
- రెండు వేళ్ల వెడల్పు పాలిస్టర్ ఫిల్మ్ ముక్కలు
- అద్దుడు కాగితాలు
- ఆమ్లం లేని ఫోల్డర్లు, టిష్యూ కాగితం
- నైట్రైల్ గ్లోవ్స్
- కెమెరా లేదా మంచి ఫోన్, ఒక స్కేలు
- అక్సెషన్ రిజిస్టరు (వచ్చిన ప్రతి వస్తువునూ నంబరుతో ఎక్కించే పుస్తకం)

ఉత్తరాలు పట్టుకోవడానికి గ్లోవ్స్ అక్కర్లేదు. కడిగి పూర్తిగా ఆరబెట్టుకున్న చేతులే మేలు. నూలు గ్లోవ్స్ వేసుకుంటే వేళ్లకు స్పర్శ తెలియదు, చిరిగిన అంచులు దారాలకు చిక్కుకుంటాయి. ఫొటోలు, నెగటివ్‌లు, పతకాలు, ఇత్తడి వస్తువులు ముట్టుకునేటప్పుడు మాత్రం నైట్రైల్ గ్లోవ్స్ తప్పనిసరి. వేలిముద్రలోని ఉప్పు, జిడ్డు లోహం మీదా ఫొటో పూత మీదా శాశ్వతంగా మచ్చ వేస్తాయి.

2. ప్రమాదకరమైనవి ముందు వేరు చేయండి

సైనికులు ఇంటికి, కాలేజీకి పంపిన జ్ఞాపికల్లో ఆయుధ భాగాలు ఉండటం అరుదేమీ కాదు. కాబట్టి కాగితాల జోలికి వెళ్లే ముందు పెట్టె అంతా పైపైన ఒకసారి చూడండి.

గ్రెనేడ్, ఫ్యూజు, ముందు భాగం మూసి ఉన్న తూటా లేదా షెల్ కనిపిస్తే ముట్టుకోవద్దు. పెట్టెను కదపకుండా గది ఖాళీ చేసి పోలీసులకు చెప్పండి. ఎన్నో ఏళ్లుగా షెల్ఫ్ మీదే ఉంది కదా అన్న ధీమా పనికిరాదు. పాతబడిన పేలుడు పదార్థం కొన్నిసార్లు మరింత సున్నితంగా మారుతుంది.

చీకట్లో వెలిగే అంకెలున్న పాత గడియారాలు, దిక్సూచులకు రేడియం పూత ఉండవచ్చు. ఇప్పుడు వెలగడం లేదంటే పూతలోని మెరుపు పదార్థం అరిగిపోయిందని మాత్రమే అర్థం. రేడియం-226 సగం తగ్గడానికి దాదాపు 1,600 ఏళ్లు పడుతుంది. అద్దం తీయకండి, గీకకండి. మూతపడే సంచిలో పెట్టి విడిగా ఉంచండి.

రెండో ప్రపంచ యుద్ధకాలపు గ్యాస్ మాస్కుల ఫిల్టర్లలో ఆస్బెస్టాస్ ఉన్నవి చాలా ఉన్నాయి. ఎవరూ ముఖానికి తగిలించుకోకుండా చూడండి. పిల్లలు చూడటానికి వచ్చినప్పుడు ఇది మరీ ముఖ్యం.

నెగటివ్‌లు, ఫిల్ములు ఉంటే అంచు మీద అక్షరాలు చదవండి. 'నైట్రేట్' అని ఉన్నా, జిగటగా గోధుమ రంగుకు తిరిగినా వాటిని వెంటనే చల్లటి, గాలి ఆడే చోటికి మార్చి నిపుణులకు కబురు పెట్టండి. నైట్రేట్ ఫిల్మ్‌కు నిప్పు అంటుకుంటే నీళ్లతో ఆరదు. వెనిగర్ వాసన వస్తే అది అసిటేట్ ఫిల్మ్ శిథిలమవుతున్న గుర్తు. మంటల భయం లేదు గానీ ఆ ఆవిరి పక్కనున్న వాటినీ పాడు చేస్తుంది, కాబట్టి అదీ వేరుగానే ఉండాలి.

బూజు పట్టిన కట్టలను సంచిలో మూసి పక్కన పెట్టండి. మాస్కు లేకుండా దులపవద్దు. తడిగా ఉన్న బూజును బ్రష్షుతో రుద్దితే కాగితంలోకి ఇంకుతుంది. ముందు గాలికి ఆరనివ్వాలి.

3. ఉన్నది ఉన్నట్టు ఫొటో తీయండి

పెట్టెలో ఒక్క కాగితం కదిపే ముందు పై నుంచి ఫొటో. ఒక పొర తీశాక మళ్ళీ ఫొటో. కట్టకు రిబ్బను ఉంటే విప్పకముందు, విప్పాక రెండు ఫొటోలు. కవరులోంచి ఉత్తరం తీసేటప్పుడు అది ఏ వైపుకు మడిచి ఉందో కూడా కనిపించాలి.

ఉత్తరాలను వెంటనే తేదీల వారీగా పేర్చాలన్న కోరిక అందరికీ పుడుతుంది. ఆగండి. ఎవరో ఒక తల్లి, ఒక వార్డెన్, ఒక కాలేజీ కార్యదర్శి వాటిని ఒక పద్ధతిలో పెట్టుకుని ఉంటారు. చనిపోయిన విద్యార్థుల ఉత్తరాలు విడిగా ఒక కట్టలో ఉండవచ్చు. జవాబు రాసినవి ఒక వైపు, రాయాల్సినవి ఒక వైపు ఉండవచ్చు. ఆ పద్ధతే ఒక సమాచారం. తేదీల వరుస కావాలంటే కంప్యూటర్ పట్టికలో క్షణంలో వస్తుంది. కాగితాలను అందుకోసం కదపనక్కర్లేదు.

పెట్టె ఇచ్చినవారితో అదే రోజు మాట్లాడి రాసుకోవాల్సినవి:

- ఇవి ఎవరి దగ్గర ఉండేవి, వారి చేతికి ఎలా వచ్చాయి
- కాలేజీతో ఆ వ్యక్తికి సంబంధం: విద్యార్థి, అధ్యాపకులు, హాస్టల్ సిబ్బంది, నర్సు, దాత
- పెట్టెలో ముందు ఉండి ఇప్పుడు లేనివేమైనా ఉన్నాయా
- ముద్దుపేర్లు, పెళ్ళి తర్వాత మారిన ఇంటిపేర్లు
- అందరికీ చూపించకూడదని కుటుంబం అనుకునేవి
- ఇస్తున్నది శాశ్వతంగానా, స్కాన్ చేసుకుని తిరిగివ్వడానికా

చివరి ప్రశ్నకు జవాబు సంతకంతో కాగితం మీద ఉండాలి. నోటిమాట మీద తీసుకున్న పెట్టెలు తర్వాతి తరంలో తగాదాలకు దారి తీస్తాయి.

4. నంబర్లు వేయడం

సంవత్సరం, ఆ ఏడాది వచ్చిన ఎన్నో విరాళం, అందులో ఎన్నో వస్తువు అన్న మూడు భాగాలు చాలు. ఉదాహరణకు 2025-04-017 అంటే 2025లో వచ్చిన నాలుగో పెట్టెలో పదిహేడో వస్తువు. కవరుకు, అందులోని ఉత్తరానికి, ఉత్తరంలో దొరికిన పువ్వుకు ఒకే నంబరు ఇచ్చి చివర ఎ, బి, సి చేర్చండి. అప్పుడు అవి వేర్వేరు పెట్టెల్లోకి వెళ్లినా ఒకటే కుటుంబమని తెలుస్తుంది.

నంబరు పెన్సిల్‌తో, వెనక వైపు, కింది మూలలో, తేలిగ్గా రాయాలి. కాగితాన్ని గట్టి నున్నటి తలం మీద పెట్టి రాయండి, లేకపోతే గీత ముందు వైపుకు ఉబ్బుతుంది. ఫొటోల మీద కాకుండా వాటి కవరు మీద రాయడం ఉత్తమం. వస్తువులకు నూలు దారంతో చీటీ కట్టండి. స్టిక్కర్లు, బాల్‌పెన్ను, రబ్బరు స్టాంపు వాడకూడదు.

5. మడతలు, క్లిప్పులు, దుమ్ము

తుప్పు పట్టిన క్లిప్పును లాగితే దానితో పాటు కాగితం ముక్క ఊడొస్తుంది. క్లిప్పుకూ కాగితానికీ మధ్య పాలిస్టర్ ఫిల్మ్ ముక్కను ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి జొనపండి. ఒక వేలితో పొడుగు వంపును అదిమి పట్టి, పొట్టి వంపును పైకి లేపి తెరవండి. స్టేప్లర్ పిన్ను అయితే వెనక కాళ్లను స్పాచులాతో ఒక్కొక్కటి నిటారుగా చేసి, ముందు వైపు నుంచి పైకి తీయండి. పిన్నులు లాగే పనిముట్టు వాడితే కాగితం చిరుగుతుంది.

దుమ్మును మధ్య నుంచి అంచులకు బ్రష్షుతో తోయండి. పెన్సిల్‌తో రాసిన భాగం మీద రబ్బరు, స్పాంజి పెట్టవద్దు.

గట్టిగా బిగుసుకున్న మడతలకు ఇస్త్రీ పెట్టె, ఆవిరి రెండూ వద్దు. మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా అడుగున తడిపిన అద్దుడు కాగితం పరిచి, దానికి తగలకుండా పైన ఒక జాలీ పెట్టి, జాలీ మీద ఉత్తరం ఉంచి మూత వేయండి. అరగంటకోసారి చూస్తుండండి. కాగితం మెత్తబడగానే తీసి రెండు పొడి అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన బరువు ఉంచండి. మొదటి రోజు అద్దుడు కాగితాలు రెండు మూడుసార్లు మార్చండి.

ఈ పద్ధతి అన్ని ఉత్తరాలకూ పనికిరాదు. కింది వాటిని డబ్బాలో పెట్టకూడదు:

- కాపీయింగ్ పెన్సిల్‌తో రాసినవి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు దీన్ని విరివిగా వాడారు. చూడటానికి మామూలు పెన్సిల్ రాతే, తేమ తగిలిందంటే ఊదా రంగుకు తిరిగి కాగితమంతా పాకుతుంది. ఎక్కడైనా ఊదా చుక్క కనిపిస్తే అనుమానించండి.
- ఐరన్ గాల్ సిరా (ఇనుప లవణం కలిపి చేసిన పాతకాలపు సిరా)తో రాసినవి, ముఖ్యంగా గోధుమ రంగుకు తిరిగి అక్షరాల చుట్టూ మరక కట్టినవి. తేమ ఆ సిరాలోని ఇనుమును, ఆమ్లాన్ని పక్కలకు పాకించి కాగితాన్ని ఇంకా తినేలా చేస్తుంది.
- వీ-మెయిల్, ఎయిర్‌గ్రాఫ్ ప్రింట్లు (ఉత్తరాన్ని ఫిల్మ్ మీదికి ఎక్కించి చిన్నగా ముద్రించి ఇచ్చినవి, 7వ భాగం చూడండి). ఇవి ఫొటో కాగితాలు.
- రబ్బరు ముద్రలు, టైపు రిబ్బను రంగు కరిగే అవకాశం ఉన్నవి.

పాత సెల్లోటేపును పీకవద్దు. దాని అంటు ఇప్పటికే కాగితంలోకి ఇంకి ఉంటుంది. లాగితే అక్షరాలు టేపుతో పోతాయి. చిరిగినవాటికి కొత్త టేపు అసలే వద్దు. చిరుగు ఉన్న ఉత్తరాన్ని పాలిస్టర్ కవరులో పెడితే అదే పట్టి ఉంచుతుంది. లామినేషన్ మాత్రం చేయించకండి. వేడికి ప్లాస్టిక్ కాగితంలో కలిసిపోతుంది, దాన్ని వెనక్కి తీసే దారి లేదు.

6. కవరును చదవడం

యుద్ధకాలపు ఉత్తరంలో సగం సమాచారం కవరు మీదే ఉంటుంది, ఎందుకంటే లోపల రాయనివ్వలేదు. 'ఫ్రాన్సులో ఎక్కడో', 'సముద్రం మీద' అని మాత్రమే రాసిన ఉత్తరం ఎక్కడిదో చెప్పగలిగేది కవరే. స్టాంపుల కోసం కవర్లు కత్తిరించడం, చోటు చాలదని పారేయడం ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద నష్టం.

ఈ వరుసలో చూడండి.

పంపినవారి చిరునామా. ఏపీఓ, ఎఫ్‌పీఓ నంబర్లు, అంటే సైనిక తపాలా కార్యాలయాల నంబర్లు, ఊరి పేరును దాచడానికే పెట్టినవి. దళం కదిలితే చాలాసార్లు నంబరూ దానితో కదిలేది. అందువల్ల నంబరును, పోస్టల్ ముద్ర తేదీని కలిపి చూడాలి. ఆ తేదీకి ఆ నంబరు ఎక్కడ పనిచేసిందో చెప్పే పట్టికలు తపాలా చరిత్రకారులు తయారు చేసి పెట్టారు.

సైనికుడి సర్వీసు నంబరు. దీన్ని తప్పక రాసుకోండి. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 1973లో జరిగిన అగ్నిప్రమాదంలో సైనిక సిబ్బంది ఫైళ్లు 160 నుంచి 180 లక్షల దాకా కాలిపోయాయి. 1912 నవంబర్ 1 నుంచి 1960 జనవరి 1 మధ్య ఆర్మీ నుంచి విడుదలైనవారి రికార్డుల్లో దాదాపు 80 శాతం అందులో పోయాయి. ఆ కాలపు విద్యార్థి-సైనికుడి గురించి వెతికేవారికి కవరు మీది నంబరే మొదటి ఆధారం కావచ్చు.

తపాలా ఖర్చు. స్టాంపు ఉండాల్సిన చోట 'ఫ్రీ' అని చేతిరాతతో ఉంటే, అది అమెరికన్ సైనికులకు 1942 ఏప్రిల్ నుంచి ఇచ్చిన ఉచిత తపాలా సౌకర్యం కావచ్చు. బ్రిటిష్ దళాల కవర్ల మీద 'ఆన్ యాక్టివ్ సర్వీస్' లేదా ఓ.ఏ.ఎస్. అని కనిపిస్తుంది.

సెన్సార్ గుర్తులు. ఇక్కడే ఎక్కువమంది తప్పులో కాలేస్తారు. అమెరికన్ మామూలు సైనికుల ఉత్తరాలను వారి దళంలోని అధికారి చదివి, కవరు మీద సంతకం చేసేవాడు. ఎక్కువగా అది కింది ఎడమ మూలలో ఉంటుంది. ఆ సంతకాన్ని ఉత్తరం రాసినవారి పేరుగా రిజిస్టరులో ఎక్కించిన సందర్భాలు కొల్లలు. లోపలి సంతకం, చేతిరాత పోల్చి చూడకుండా పేరు ఎక్కించకండి. కవరు పక్క కోసి, 'ఓపెన్డ్ బై ఎగ్జామినర్' అని అచ్చు వేసిన పట్టీతో మూసి ఉంటే ఆ పట్టీని అలాగే ఉంచండి. దాని మీది నంబరు కూడా రాసుకోండి.

తిరిగొచ్చిన ఉత్తరాలు. కాలేజీ నుంచి వెళ్లి 'మిస్సింగ్', 'డిసీజ్డ్' ముద్రలతో వెనక్కి వచ్చినవి కొన్ని ఇంకా తెరవకుండానే ఉంటాయి. తెరవవద్దు. మూసి ఉన్న స్థితే ఆ వస్తువు విలువ. తెరవాలా వద్దా అన్నది కుటుంబంతో మాట్లాడి, లిఖితపూర్వకంగా తేల్చుకోవాల్సిన విషయం. బల్ల దగ్గర కూర్చున్న ఒక్కరి ఉత్సాహంతో అది జరిగిపోకూడదు.

7. ఉత్తరం రకం గుర్తించడం

వీ-మెయిల్ 1942 జూన్ నుంచి 1945 నవంబర్ 1 దాకా నడిచింది. ఫారం మీద రాసిన ఉత్తరాన్ని 16 మిల్లీమీటర్ల మైక్రోఫిల్మ్ మీదికి ఎక్కించి, గమ్యం దగ్గర అసలు పరిమాణంలో దాదాపు పావు వంతుకు ముద్రించి ఇచ్చేవారు. బ్రిటిష్ ఎయిర్‌గ్రాఫ్ 1941లోనే మొదలైంది, పద్ధతి అదే. చిన్న ప్రింటు ఉంటే ఫొటోగా చూసుకోండి. పెద్ద ఫారమే ఉంటే, అంటే ఫిల్మ్ ఎక్కించకుండా నేరుగా పంపినదైతే, కాగితంగా చూసుకోండి.

'నేను బాగున్నాను', 'ఆసుపత్రిలో చేరాను' వంటి వాక్యాలు అచ్చువేసి, అక్కర్లేనివి కొట్టేయమన్న కార్డు బ్రిటిష్ ఫీల్డ్ సర్వీస్ పోస్టుకార్డు. అదనంగా ఒక్క మాట రాసినా కార్డును నాశనం చేస్తామని దాని మీదే ఉండేది. అందువల్ల ఏ వాక్యాలు కొట్టేశారో, ఏవి ఉంచారో రెండూ నకలులో రాయాలి. రెడ్‌క్రాస్ ద్వారా శత్రు దేశాల మధ్య నడిచిన పౌర సందేశాల ఫారాల మీద 25 మాటల పరిమితి ఉండేది, జవాబు వెనక వైపు రాసేవారు. రెండు వైపులా స్కాన్ చేయకపోతే సగం సంభాషణ పోతుంది.

టెలిగ్రాముల విషయంలో ఒక హెచ్చరిక. 'కనిపించడం లేదు' అన్న తంతి తర్వాత 'బందీగా ఉన్నాడు' అనో, 'మరణించాడు' అనో మరో తంతి వచ్చి ఉండవచ్చు. ఒక్క తంతిని పట్టుకుని వ్యక్తి కథ ముగించకండి.

8. తేదీ తేల్చడం

3.12.44 అన్నది బ్రిటిష్ పద్ధతిలో డిసెంబర్ 3, అమెరికన్ పద్ధతిలో మార్చి 12. ఉత్తరంలో వారం పేరు ఉంటే శాశ్వత క్యాలెండర్‌తో సరిచూడండి. 1944 డిసెంబర్ 3, మార్చి 12 రెండూ ఆదివారాలే. ఇలాంటి చోట వారం పేరు కూడా గట్టెక్కించదు, అప్పుడు పోస్టల్ ముద్రే శరణ్యం. అమెరికన్ సైన్యంలోనూ రోజు ముందు రాసే అలవాటు ఉండేది కాబట్టి, రాసినవారి దేశం చూసి నిర్ణయించకండి. అదే వ్యక్తి మిగతా ఉత్తరాల్లో ఏ పద్ధతి పాటించారో చూడండి.

జనవరి మొదటి వారాల ఉత్తరాల్లో పాత సంవత్సరం పడటం సర్వసాధారణం. 'మంగళవారం రాత్రి' అని మాత్రమే ఉంటే పరీక్షలు, మ్యాచ్‌లు, స్నాతకోత్సవం వంటి ప్రస్తావనలను కాలేజీ పత్రికతో పోల్చండి. కుటుంబ ఉత్తరాలకు లేని సదుపాయం ఇది. కాలేజీకి ప్రతి వారం తేదీలున్న రికార్డు ఉంటుంది.

మీరు ఊహించిన తేదీని చదరపు బ్రాకెట్లలో రాయండి. రాసిన తేదీ, ముద్ర తేదీ, అందిన తేదీ మూడింటికీ వేర్వేరు గడులు పెట్టండి.

9. పేర్ల రిజిస్టరు

ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. పెట్టె మొత్తానికి ప్రాణం ఇక్కడే ఉంది. స్కాన్‌లు ఎన్ని ఉన్నా పేర్ల రిజిస్టరు లేకపోతే ఎవరి మనవరాలు వచ్చి అడిగినా చూపించలేరు.

ప్రతి వ్యక్తికీ ఒక వరుస. గడులు ఇవి:

- పూర్తి పేరు, ముద్దుపేరు, పెళ్ళి తర్వాతి పేరు
- కాలేజీలో పాత్ర, చేరిన ఏడాది, తరగతి
- దళం, హోదా, సర్వీసు నంబరు (తేదీతో, ఎందుకంటే ఇవి మారతాయి)
- రాసిన ఉత్తరాల నంబర్లు
- వేరేవాళ్ల ఉత్తరాల్లో ప్రస్తావన వచ్చిన నంబర్లు
- ఫొటోలు, వస్తువులు
- ఆధారం
- నమ్మకం స్థాయి: ఖాయం, దాదాపు, ఊహ

చివరి గడిని ఖాళీగా వదలకండి. 'బిల్' (విలియంకు ముద్దుపేరు) అన్న పేరు ఉత్తరంలో కనిపించగానే ఆ ఏడాది విలియం ఎవరా అని వెతికి అతికించేస్తే, పదేళ్ల తర్వాత ఆ ఊహ నిజంగా చెలామణి అవుతుంది.

సరిచూడటానికి ఈ వరుస బాగుంటుంది: ప్రవేశాల రిజిస్టరు, హాస్టల్ గదుల జాబితా, వార్షిక సంచిక, విద్యార్థి పత్రిక, పూర్వ విద్యార్థుల బులెటిన్, స్మారక ఫలకం. కామన్వెల్త్ దళాల్లో చనిపోయినవారికి కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ డేటాబేస్ ఉంది. అది 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 వరకు జరిగిన మరణాలను లెక్కలోకి తీసుకుంటుంది.

అమెరికన్ కాలేజీల పెట్టెల్లో ఒక చిక్కు ఉంది. నౌకాదళం 1943 జులైలో మొదలుపెట్టిన వీ-12 అనే అధికారుల శిక్షణ 131 కాలేజీల్లో నడిచింది, 1,25,000 మందికి పైగా అందులో చేరారు. ఆర్మీ కూడా 1942 డిసెంబర్ నుంచి తన శిక్షణార్థులను కాలేజీల్లో చదివించి, 1944 ఆరంభంలో వారిలో చాలామందిని హఠాత్తుగా దళాలకు పంపేసింది. కాబట్టి కాలేజీ మెట్ల మీద యూనిఫాంలో నిలబడ్డ యువకుడు ఆ కాలేజీ పాత విద్యార్థే అనుకోవడానికి వీల్లేదు. శిక్షణార్థుల జాబితా వేరే తెప్పించుకోండి.

అధ్యాపకుల భార్యలు, హాస్టల్ మేట్రన్లు, వంటవాళ్లు, నర్సింగ్‌కు వెళ్లిన విద్యార్థినులు అచ్చయిన జాబితాల్లో కనపడరు. ఉత్తరాల్లో మాత్రం అడుగడుగునా ఉంటారు. ప్యాకెట్లు కట్టి పంపింది, జవాబులు రాసింది ఎక్కువగా వాళ్లే. వాళ్లకూ పూర్తి వరుస ఇవ్వండి.

10. నకలు రాయడం, స్కాన్ చేయడం

నకలులో అక్షర దోషాలు అలాగే ఉంచండి. చదవలేని చోట [చదవలేకపోయాం, 2 మాటలు], కత్తిరించిన చోట [సెన్సార్ కోత, సుమారు 4 మాటలు] అని రాయండి. సిరా పూసి చెరిపిన చోట ఏ ద్రావకమూ వాడవద్దు. వేర్వేరు వెలుతురులో తీసిన ఫొటోల్లో కొన్నిసార్లు అక్షరాలు బయటపడతాయి.

శత్రువుల గురించి, ఇతర జాతుల గురించి ఇవాళ చదవడానికి బాధ కలిగించే మాటలు ఉంటాయి. వాటిని చెరపవద్దు, మెత్తబరచవద్దు. సేకరణ మొదట్లో ఒక హెచ్చరిక వాక్యం చేర్చండి.

స్కానింగ్‌కు:

- ఉత్తరాలు 400 డీపీఐ, ఫొటోలు, వీ-మెయిల్ ప్రింట్లు 600 డీపీఐ, అన్నీ రంగుల్లో
- మూల ప్రతి టిఫ్, చూపించడానికి జెపెగ్
- కవరు ముందు, వెనక, మడత లోపలి వైపు
- కాగితం అంచులు నాలుగూ కనిపించేలా, పక్కన స్కేలు
- ఫైలు పేరులో అక్సెషన్ నంబరు, పేజీ: 2025-04-017బి_02
- కాగితాలను లాక్కునే ఫీడర్ వాడకూడదు
- మూడు ప్రతులు, రెండు రకాల నిల్వ, ఒకటి వేరే భవనంలో

ఆల్బమ్‌లు అయితే ముందు పేజీ మొత్తం, తర్వాత ఒక్కో ఫొటో. నల్ల కాగితం మీద అంటించిన ఫొటోలను పీకవద్దు, పక్కన తెల్ల సిరాతో రాసిన మాటలే వాటికి ఆధారం.

11. నిల్వ

గది 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్, తేమ 35 నుంచి 50 శాతం. ఇది కుదరకపోతే కనీసం హెచ్చుతగ్గులు లేని గది చూడండి. అటక, నేలమాళిగ, బయటి గోడకు ఆనించిన బీరువా వద్దు.

ఉత్తరాలు విప్పి, ఆమ్లం, లిగ్నిన్ (కాగితాన్ని పసుపెక్కించే కలప పదార్థం) లేని ఫోల్డర్లలో. ఒక్కో ఫోల్డర్‌లో 10 నుంచి 15 కాగితాలు. వార్తాపత్రిక కత్తిరింపులను ఉత్తరాల నుంచి వేరు చేయాలి, వాటి ఆమ్లం పక్క కాగితాన్ని గోధుమ రంగుకు తిప్పేస్తుంది. అది తీసిన చోట నంబరు రాసిన చీటీ ఉంచండి. ఫొటోలకు క్షారం కలపని కాగితం కావాలి. ప్లాస్టిక్ కవర్లలో పాలిస్టర్, పాలీప్రొపిలీన్, పాలిథీన్ మంచివి. పీవీసీ వద్దు.

వస్తువుల్లో జరిగే పొరపాట్లు, చేయాల్సిన పని:

- పతకాలు, బ్యాడ్జీలకు పాలిష్: ప్రతిసారీ లోహం కొంత పోతుంది, చెక్కిన పేరు అరుగుతుంది. పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు.
- యూనిఫాం ఉతకడం: రంగు దిగుతుంది, మట్టి మరకలూ ఆధారాలే. నైలాన్ వల అడ్డం పెట్టి తక్కువ బలంతో వాక్యూమ్ చేయండి. మడతల్లో టిష్యూ కాగితం చుట్టలు పెట్టి పడుకోబెట్టండి.
- తోలుకు నూనె: తర్వాత జిగటగా మారి దుమ్ము పడుతుంది. ఏమీ రాయవద్దు.
- ఉన్నికి పురుగు: పాలిథీన్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 20 డిగ్రీల దగ్గర కనీసం వారం. బయటికి తీశాక ఒక రోజంతా ఆగి సంచి తెరవండి, లేకపోతే తేమ పడుతుంది. ఫొటోలు, లోహం ఉన్న వాటికి ఇది వద్దు.
- ఉత్తరంలో పువ్వు, వెంట్రుకలు: ఏ పేజీలో, ఏ వాక్యం మీద ఉందో ఫొటో తీసి, టిష్యూ మడతలో పెట్టి, అదే ఫోల్డర్‌లో ఉంచండి.

నీలి, బంగారు నక్షత్రాలు కుట్టిన అమెరికన్ సర్వీసు జెండాలు ఉంటే నక్షత్రాల లెక్క, కుట్టు తేడాలు దగ్గరగా ఫొటో తీయండి. నీలి నక్షత్రం సేవలో ఉన్నవారికి, బంగారు నక్షత్రం చనిపోయినవారికి. నీలం మీద బంగారం తర్వాత కుట్టి ఉంటే ఆ వరుసను పేర్ల రిజిస్టరుతో పోల్చవచ్చు. ఊడిపోతున్న నక్షత్రాన్ని మీరే కుట్టకండి.

12. చూపించడం, ప్రచురించడం

కాగితం మీ చేతిలో ఉన్నంత మాత్రాన అందులోని రాతకు మీరు హక్కుదారులు కారు. కాపీరైట్ రాసినవారిది, వారి తర్వాత వారసులది. చాలా దేశాల్లో ఇది రాసినవారు చనిపోయాక 50 నుంచి 70 ఏళ్ల వరకు ఉంటుంది. మీ దేశపు నిబంధన చూసుకోకుండా మొత్తం ఉత్తరాన్ని ఇంటర్నెట్‌లో పెట్టవద్దు. జబ్బులు, మానసిక వేదన, సైన్యం నుంచి పారిపోవడం, రహస్య ప్రేమల వంటి సంగతులు ఉన్నచోట హక్కు ఉన్నా కుటుంబాన్ని అడగండి.

ప్రదర్శనలో అసలు ఉత్తరాలు పెడితే వెలుతురు 50 లక్స్ మించకూడదు, మూడు నెలలకు మించి ఉంచకూడదు. కాపీయింగ్ పెన్సిల్ రాతలు, వీ-మెయిల్ ప్రింట్లకు మంచి రంగుల నకలు పెట్టడమే సరైనది.

13. ఏటా ఒకసారి చూడాల్సినవి

- పెట్టెల మూలల్లో వెండి పురుగులు, రెట్టలు, బూజు వాసన
- నెగటివ్‌ల దగ్గర వెనిగర్ వాసన
- ఐరన్ గాల్ సిరా ఉత్తరాల్లో కొత్త పగుళ్లు (నిరుటి స్కాన్ పక్కన పెట్టి పోల్చండి)
- మూడు డిజిటల్ ప్రతులూ తెరుచుకుంటున్నాయా, చెక్‌సమ్‌లు (ఫైలు మారలేదని చూపే సంకేత సంఖ్యలు) సరిపోతున్నాయా
- తిరిగివ్వాల్సిన విరాళాల గడువు
- పేర్ల రిజిస్టరులో 'ఊహ' అని ఉన్నవి: కొత్త ఆధారం దొరికితే మార్చండి, ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో పక్కనే రాయండి, పాత రాతను చెరపకండి